మామ్మ మడమలు, వ్యోమగామి పాదాలు

తమ్ముడు: నమస్కారమండీ! అమలాపురం దగ్గర మా ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాం. పక్క తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది, మధ్యలో దబ్బుమని వినిపిస్తే గెల పడిందనుకోండి. మా అక్క ఫిజియోథెరపిస్ట్. అక్కా, వ్యోమగామి సునీతా విలియమ్స్ ఎనిమిది రోజులకని అంతరిక్షంలోకి వెళ్లి 286 రోజులు ఉండిపోయారు కదా. 2025 మార్చిలో దిగగానే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఏమైంది ఆవిడకి?

అక్క: జబ్బు చేసి కాదురా, దిగినవాళ్లందరికీ పాటించే పద్ధతే అది. లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోయి కళ్లు తిరుగుతాయి. బ్యాలెన్స్ కూడా కుదరదు. అవి త్వరగానే సర్దుకుంటాయి. నా బెంగంతా ఎముకల మీదే.

తమ్ముడు: అక్కడ భూమి ఆకర్షణ ఉండదు కాబట్టా?

అక్క: ఎందుకుండదు? స్పేస్ స్టేషన్ ఉండేది 400 కిలోమీటర్ల పైనే. ఇక్కడున్న ఆకర్షణలో దాదాపు 90 శాతం అక్కడా ఉంటుంది. అదిగో, గెల కోస్తున్నాడు చూడు. కిందికి వచ్చేంతసేపూ అందులో ఏ కాయా ఇంకో కాయ మీద బరువు వేయదు, అన్నీ కలిసే పడుతున్నాయి కదా. స్టేషనూ, లోపలి మనుషులూ అలాగే పడుతూ ఉంటారు. పక్కకి అంత జోరుగా పోతున్నారు కాబట్టి నేల తగలదు, అంతే.

తమ్ముడు: మరి ఎముకకేమవుతుంది?

అక్క: బరువు మోయని ఎముకని ఒళ్లే కరిగించేస్తుంది. తుంటి, వెన్ను దగ్గర నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా పోతుంది. ఇక్కడ పెద్దవాళ్లకి ఏడాదికి పోయేంత, అక్కడ నెలకే! ఆ కాల్షియం మూత్రంలోకి చేరి కిడ్నీలో రాళ్ల భయం కూడా. అందుకే రోజూ రెండు గంటలు వ్యాయామం. ట్రెడ్‌మిల్ మీద తేలిపోకుండా బెల్టులతో కిందికి లాగి కట్టుకుని పరుగెత్తుతారు.

తమ్ముడు: తిరిగొచ్చాక ఎముక కుదుటపడుతుందా?

అక్క: అందరికీ కాదు. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో 17 మందిని చూశారు. ఏడాది గడిచినా తొమ్మిది మందికి మోకాలి కింది ఎముక మునుపటిలా రాలేదు.

తమ్ముడు: మామ్మ మంచంలో ఉన్నప్పుడు జరిగిందీ అదేనా?

అక్క: అదే. ఈ పరిశోధనల కోసం భూమ్మీద మనుషుల్ని తలవైపు 6 డిగ్రీలు వాల్చిన మంచం మీద వారాల తరబడి పడుకోబెడతారు. మామ్మకి తుంటి విరిగి ఆపరేషనయ్యాక మెల్లగా నిలబెట్టాల్సింది. కదిపితే అతుకు ఊడుతుందని చుట్టాలందరూ పట్టుబట్టారు. నేనింకా చదువుకుంటున్నాను, గట్టిగా చెప్పలేకపోయాను. మూడు నెలలు! పిక్కలు పుల్లల్లా అయిపోయాయి. మడమలు గుర్తున్నాయా నీకు?

తమ్ముడు: ఊడ్పుల్లో నానిన కాళ్లు కదా, పగుళ్లలో పావలా పట్టేది.

అక్క: ఒకరోజు నూనె రాస్తుంటే చూశాను, చంటిపిల్ల పాదాల్లా మెత్తగా ఉన్నాయి. నాకు గుండె జారిపోయింది. వ్యోమగాములకీ అంతే, నడక లేక అరికాలి గట్టి చర్మం ఊడిపోతుంది. పాదం పైభాగం మాత్రం కాయకాస్తుంది, తేలిపోకుండా కమ్మీల కింద కాళ్లు దూర్చి నిలబడతారు కాబట్టి.

తమ్ముడు: ఇప్పుడు వాకర్‌తో తులసికోట దాకా వెళ్తోందిగా.

అక్క: రోజుకి నాలుగుసార్లు. మొన్న కాళ్లు కడుగుతుంటే చూశాను, కుడి మడమ మీద సన్నటి పగులు మళ్లీ వచ్చింది. మామ్మేమో మందు రాయమంటుంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.