లక్ష రూపాయల సైకిలు, కడప రోడ్డు

శ్రోతలకు నమస్కారం.

తెల్లారి ఐదున్నరకు కడప రిమ్స్ రోడ్డు మీద నిలబడితే హెల్మెట్లు పెట్టుకొని సైకిళ్ల మీద పోయేవాళ్లు కనపడతారు. వాటిల్లో ఒకటి ఏడు వేలది కావచ్చు, దాని పక్కనే పోయేది లక్షన్నరది కావచ్చు. మోటారుసైకిలుకు పెట్టేంత డబ్బు పోసి ఇంజను లేని బండి కొనడమేందబ్బా అని టీకొట్టు దగ్గర అనుకోవడం మీరూ వినే ఉంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయితే కొన్నవాళ్లంతా డబ్బు ఎక్కువై కొన్నారనడమూ సరికాదు. ఆ డబ్బు సైకిలులో ఏ భాగానికి పోతుంది, అందులో ఎంత మన కడప రోడ్డు మీద పనికొస్తుంది అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

మనందరికీ తెలిసిన నల్ల సైకిలుతో మొదలుపెడదాం. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ కంపెనీ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాక ఈ సైకిలు దేశంలోని ప్రతి పల్లెకూ పోయింది. బరువు సుమారు 20 కిలోలు. గేర్లు లేవు. వెనక క్యారియరు మీద బియ్యం మూట వేసినా, అటొకటి ఇటొకటి పాలక్యాన్లు తగిలించినా నోరెత్తదు. ఫ్రేము ఇనుముది కాబట్టి విరిగితే ఊళ్లో వెల్డింగు షాపులోనే అతికించేస్తారు. బాల్సు, కాటరు పిన్ను, చైను, పుల్లలు ఏ సైకిలు షాపులో అడిగినా దొరుకుతాయి. ఇంటి నుంచి ఏడురోడ్ల దాకా, అక్కణ్నుంచి కూరగాయల మార్కెట్టు దాకా పోయొచ్చే మనిషికి ఇంతకన్నా ఖరీదైంది కొనమని నేను చెప్పను.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఎత్తు ఎక్కేచోట. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు మీకు తెలుసు. పాలకోవా కోసం బస్సులు కూడా ఆగే చోటు. ఆ ఘాటు నల్ల సైకిలు మీద ఎక్కి చూడండి. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క తొక్కుడుకు ఐదు మీటర్ల పైన ముందుకు పోవాలి. చదును మీద ఇది హాయి. ఎత్తులో ఆ ఐదు మీటర్లూ మోకాళ్ల మీదే పడతాయి, లేచి నిలబడి తొక్కినా కొంతసేపటికి దిగి నెట్టుకోవాల్సిందే. గేర్ల సైకిలులో ముందు 28, వెనక 28 పళ్ల మీదికి చైను మార్చుకుంటే ఒక చుట్టుకు ఒక చుట్టే, రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే. నిదానంగా పోతారు, కానీ సీటు మీద నుంచి దిగకుండా పోతారు. డబ్బు పెట్టినందుకు కాలికి నిజంగా తెలిసే మొదటి తేడా ఇదే.

గేర్ల సంఖ్య చూసి మాత్రం మోసపోవద్దు. 21 గేర్లంటే ముందు మూడు, వెనక ఏడు, వాటి గుణకారం. అందులో చాలా గేర్లు ఒకదానికొకటి దగ్గరగానే పడతాయి. వెనక ఎనిమిదో తొమ్మిదో పళ్లచక్రాలుండి, గేరు మార్చగానే చైను టక్కున పోయి కూచునే సైకిలు, 21 గేర్లుండి మూడోసారికి గానీ మారని సైకిలు కన్నా మేలు. గేర్ల సామాను ఎక్కువగా జపాన్ కంపెనీ షిమానోది వస్తుంది. ఒసాకా పక్కన సకాయ్ అనే ఊళ్లో 1921లో మొదలైన కంపెనీ. ఒకే పేరు కింద చౌకదీ ఉంటుంది, బాగా ఖరీదైందీ ఉంటుంది. పెట్టె మీద షిమానో అని కనపడినంత మాత్రాన సంబరపడొద్దు. టూర్నీ అనే రకం అడుగున ఉంటుంది. రోడ్డు సైకిళ్లలో క్లారిస్, సోరా, టియాగ్రా, ఆపైన 105 అంటూ మెట్లున్నాయి. మన అవసరానికి క్లారిస్, సోరా చాలు.

రెండో తేడా చక్రాల్లో ఉంటుంది, దీన్ని దుకాణంలోనే పట్టుకోవచ్చు. ముందు చక్రాన్ని నేల మీద నుంచి లేపి, చేత్తో ఒక్క తిప్పు తిప్పండి. బ్రేకు రబ్బరు దగ్గర కన్ను పెట్టి రిమ్మును చూడండి. అటూ ఇటూ ఊగకుండా ఒకే సందు నిలబడిందా? తర్వాత ఇరుసును వేళ్లతో పట్టుకొని తిప్పి చూడండి. లోపల ఇసుక నలిగినట్టు గరగరమంటే గ్రీజు సరిగా పెట్టలేదని, లేదా బిగింపు ఎక్కువైందని అర్థం. ఏమాత్రం అడ్డు లేకుండా నూనె పోసినట్టు తిరిగితే బేరింగులకు డబ్బు పెట్టారన్నమాట. 15 వేల నుంచి 30 వేల మధ్య సైకిళ్లలో మనం ఎక్కువగా కొనేది వీటినే: అల్యూమినియం ఫ్రేము, రెండు గోడల రిమ్ము, మంచి బేరింగులు, వానలోనూ ఆగే బ్రేకులు. బరువు కూడా 20 కిలోల నుంచి 12, 13కు దిగుతుంది. ఈ డబ్బు వృథా కాదు.

వృథా అయ్యేది ఈ ధరకు కిందే ఉంది. ఎనిమిది, పది వేలకు ముందు స్ప్రింగు, వెనక స్ప్రింగు, లావు టైర్లు, డిస్కు బ్రేకులు, ఒళ్లంతా స్టిక్కర్లతో దొరుకుతుంది చూడండి, పదో తరగతి పాసైన పిల్లోడు పట్టుబట్టి కొనిపించుకునేది, అది. ఆ ధరకు మంచి స్ప్రింగు రాదు, మంచి డిస్కు అంతకన్నా రాదు. తొక్కిన బలంలో కొంత స్ప్రింగు ఊగడానికే సరిపోతుంది, పైగా బరువు నల్ల సైకిలంత. అదే డబ్బుకు స్ప్రింగుల్లేని సాదా సైకిలు తీసుకుంటే ఎక్కువ కాలం పనికొస్తుంది. ఇంట్లో అబ్బాయి అలుగుతాడు, అది వేరే సంగతి.

ఇక పైకి పోదాం. 50 వేలు దాటాక డబ్బు బరువులో గ్రాములు తగ్గించడానికే పోతుంది. లక్ష దాటాక కార్బన్ ఫ్రేములు మొదలవుతాయి, బరువు ఎనిమిది కిలోల చుట్టుపక్కల. లెక్క చూడండి. మీరు 70 కిలోలు, సైకిలు 12 కిలోలు, మొత్తం 82. సైకిలు ఎనిమిదికి దిగితే మొత్తం 78. తేడా నూటికి ఐదు వంతులు. ఘాటు ఎక్కేటప్పుడు ఆ ఐదు వంతులు తెలుస్తాయి, కాదనను. అయితే ఆ నాలుగు కిలోలు సైకిలు నుంచి తగ్గినా మనిషి నుంచి తగ్గినా ఎత్తు లెక్క మారదు. ప్రపంచ పోటీల్లో తొక్కేవాళ్లకే 6.8 కిలోలకు తగ్గిన సైకిలు వాడకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం పెట్టింది. చదును రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ అసలు అడ్డంకి గాలే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. అక్కడ సైకిలు ధర కన్నా మీరు వీపు వంచి కూచోవడం ఎక్కువ పనిచేస్తుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు మన సీమలో ముఖ్యమైన మాట. ముళ్లు. రోడ్డంచున పల్లేరు కాయలు, కంపచెట్లు నరికి ట్రాక్టర్లలో తీసుకుపోయేటప్పుడు రాలిపడిన ముళ్లు. పల్లేరు కాయ ఎటు దొర్లినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికాలో పడమటి రాష్ట్రాల సైకిలు మనుషులను ఏడిపించేదీ ఇదే కాయ. ఖరీదైన రోడ్డు సైకిలుకు వేలెడు వెడల్పు పల్చటి టైర్లుంటాయి, గాలి వంద పౌండ్ల దాకా కొట్టాలి. నాపరాళ్ల లారీ వెనక నుంచి హారన్ కొట్టగానే మట్టి అంచుకు దిగుతారు కదా, అక్కడే పంచరు. లక్ష పెట్టి కొన్న వేగమంతా రోడ్డు పక్కన ట్యూబు మార్చడంలో పోతుంది. అందుకే కడప, ప్రొద్దుటూరు, రాయచోటి వైపు తొక్కేవాళ్లకు కాస్త వెడల్పు టైర్లు, 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, లోపల ముల్లు దిగకుండా గట్టి పట్టీ ఉన్నవి మంచిది. ట్యూబులో పోసే సీలెంటు ద్రవం కూడా దొరుకుతుంది, చిన్న రంధ్రమైతే అదే పూడ్చేస్తుంది. సైకిలు మీద తగ్గించుకున్న డబ్బులో కొంత టైర్ల మీద పెట్టండి.

పంచరు తర్వాత గాలి. ఇక్కడో చిన్న ముక్క దగ్గర పెద్ద సైకిళ్లు ఆగిపోతాయి. నల్ల సైకిలు వాల్వు ఒక రకం. మోటారుసైకిలుకుండే లావు వాల్వు ఇంకొక రకం, దానికి పెట్రోలు బంకులో కూడా గాలి కొడతారు. ఖరీదైన రోడ్డు సైకిలు వాల్వు సన్నగా పొడుగ్గా పెన్సిలంత ఉంటుంది, కొసన చిన్న మర. ఆ మర వదులు చేస్తే తప్ప గాలి ఎక్కదు, మామూలు పంపు నోరు దానికి పట్టదు. మధ్యలో తగిలించే ఇత్తడి ముక్క ఒకటుంది, గోరంతే. కొన్నిచోట్ల వంద లోపే దొరుకుతుంది. అది జేబులో లేకుండా ఒంటిమిట్ట దాకా పోయి గాలి దిగిందనుకోండి, పాతిక కిలోమీటర్లు ఆటోలో సైకిలేసుకొని రావాలి.

మరమ్మతు మాటకొస్తే, మన షాపుల్లో చేతి పనితనానికి కొదవ లేదు. వంకరపోయిన రిమ్మును పుల్లలు బిగించి చూస్తుండగానే సరిచేస్తారు. హైడ్రాలిక్ బ్రేకులో నూనె మార్చాలన్నా, పదకొండు పళ్లచక్రాల క్యాసెట్టు ఊడదీయాలన్నా మాత్రం పనిముట్లే వేరు. "అన్నా, దీని సామాను మనకాడ ల్యా, బెంగళూరు నుంచి తెప్పించాల" అంటారు, అది నిజాయితీ మాట. తెప్పించేలోపు సైకిలు గోడకానుకొని ఉంటుంది. ఎంత ఖరీదు సైకిలు కొంటే అంతగా సొంతంగా మరమ్మతు నేర్చుకోవాలి. చైను శుభ్రం చేయడం, నూనె వేయడం, ట్యూబు మార్చడం చేతకాకపోతే పెద్ద ధర జోలికి పోకండి.

ఇంకో చిక్కు ఎవరూ ముందు ఆలోచించరు. లక్ష రూపాయల సైకిలును వై.వి. స్ట్రీటులో తాళమేసి వదిలి, చీరల కొట్లో అరగంట కూచోగలరా? మనసంతా బయటే ఉంటుంది. చివరికి ఆ సైకిలు తెల్లారి తొక్కడానికి, ఊళ్లో పనులకు స్కూటరు అన్నట్టు తయారవుతుంది. అంటే ఆ సైకిలు రవాణాకు పనికిరానట్టే. ఆటకు, ఒంటికి పనికొస్తుంది. ఒప్పుకొని కొనుక్కోండి. జిమ్ముకు, క్రికెట్ కిట్టుకు డబ్బు పెట్టడం లేదా? పెట్రోలు మిగులుతుందని ఇంట్లో నచ్చజెప్పి కొంటేనే తర్వాత మాట పడాల్సొస్తుంది.

పెట్రోలు లెక్క కూడా వేసేద్దాం. ఆఫీసు ఆరు కిలోమీటర్లు, రానుపోను 12. ఏడాదికి 250 పనిదినాలైతే మూడు వేల కిలోమీటర్లు. స్కూటరు లీటరుకు 45 ఇస్తే, పెట్రోలు 110 రూపాయలనుకుంటే ఏడాదికి మిగిలేది ఏడు వేల పైచిలుకు. 25 వేల సైకిలు మూడున్నరేళ్లలో తన డబ్బు తాను రాబట్టుకుంటుంది. లక్ష సైకిలుకు పదమూడేళ్ల పైన పడుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ కాసే ఊళ్లో ఏడాది పొడుగునా ఆఫీసుకు సైకిలు మీదే పోతారా అన్నది మీ ఒంటికే తెలియాలి. అన్నట్టు 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ధర అడిగేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

నన్నడిగితే, వారానికి మూడు నాలుగు సార్లు తొక్కే మనిషికి 20, 30 వేల మధ్య గేర్లున్న, స్ప్రింగుల్లేని సైకిలు సరైనది. దాని మీద ఏడాది తొక్కి, పుష్పగిరికో గండికోటకో పోయొచ్చి, ఇంకా పెద్దది కావాలని కాళ్లే అడిగితే అప్పుడు లక్ష సంగతి ఆలోచించవచ్చు. ఈలోగా వాడిన సైకిళ్లూ చూడండి. 2020 లాక్‌డౌన్‌లో ఉత్సాహంగా కొని, తర్వాత బాల్కనీలో బట్టలారేసుకోవడానికి వాడుతున్న మంచి సైకిళ్లు ఊరూరా ఉన్నాయి. ఫ్రేము మీద అతుకుల దగ్గర పగులుందేమో, పెయింటు ఉబ్బిందేమో వేలితో తడిమి చూడండి. కార్బన్ ఫ్రేమైతే వాడింది కొనకండి, లోపలి పగులు పైకి కనపడదు.

కొత్తదైనా పాతదైనా అన్నిటికన్నా ముందు కొలత చూసుకోవాలి. సీటు మీద కూచొని మడమను కింది పెడలు మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు మునివేళ్ల దగ్గర పెట్టి తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. ఫ్రేము మీ ఎత్తుకు చిన్నదైతే ఎంత లక్షల సైకిలైనా మోకాళ్ల నొప్పే. పెట్టెలోంచి తీసి బిగించేటప్పుడు ఒక మాట అడగండి: ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. కుడి పెడలు తెచ్చి ఎడమవైపు బలవంతంగా బిగిస్తే అల్యూమినియం మర అరిగిపోతుంది, పెడలు బిగించే ఆ కడ్డీ, అంటే క్రాంకు, మొత్తం మార్చాల్సిందే.

డబ్బు కట్టకముందు ఒక పది నిమిషాలు రోడ్డు మీద తొక్కి చూస్తానని చెప్పండి. గేర్లన్నీ మార్చండి, గట్టిగా బ్రేకు వేయండి, ఒక్క ఎత్తయినా ఎక్కండి. కుదరదు, కొన్నాకే తొక్కాలి అంటే ఇంకో దుకాణానికి పోండి.

నమస్కారం.