ఫోన్-ఇన్: మన ఇంటికి ఎంత చోటు కావాలి?

(మొదటి రెండు నిమిషాలు రికార్డ్ అవ్వలేదు. అక్కణ్ణుంచి ఉన్నది ఉన్నట్టు టైప్ చేశాను.)

యాంకర్: ...లైన్లో ఉన్నారు మేడమ్. హలో, చెప్పండమ్మా.

కాలర్ 1: నమస్తే మేడమ్. మేము నలుగురం అండి, ఎన్ని ఎసెఫ్టీ అయితే సరిపోద్ది?

ఆర్కిటెక్ట్: అలా ఇన్ని చదరపు అడుగులని నంబర్ చెప్పేస్తే అబద్ధం చెప్పినట్టేనమ్మా. నలుగురంటే ఎవరెవరు?

కాలర్ 1: మేమిద్దరం, మా అత్తగారు, బాబు. బాబు ఎనిమిదో క్లాసు.

ఆర్కిటెక్ట్: అయితే మీకు వేసుకోడానికి మూడు తలుపులు కావాలి. గదులు చిన్నవైనా పర్లేదు, తలుపు ఉండాలి. పెద్దావిడ గది బాత్రూమ్ పక్కనే పెట్టండి, గుమ్మం మూడడుగులు ఉంచండి, రేపు వాకరో వీల్‌చైరో వస్తే గోడ పగలగొట్టుకోకూడదు కదా. మంచం గీయకుండా మాత్రం ప్లాన్ ఓకే చెయ్యొద్దు.

యాంకర్: థాంక్యూ అమ్మా. నెక్స్ట్ కాలర్, హలో?

కాలర్ 2: హలో, హలో, వినిపిస్తుందా అండి? నమస్కారం మేడమ్ గారూ. మాది కూడా నలుగురమే, ఇద్దరు పిల్లలు, ఇప్పుడున్నది రెండు బెడ్‌రూమ్‌లు, చాలట్లేదని కొత్తది కడదాం అనుకుంటున్నాం, నాలుగు బెడ్‌రూమ్‌లు, ఒక ఆఫీస్ రూమ్, ఒక స్టోర్ రూమ్, పైన ఒక పెద్ద హాలు సినిమాలు చూడ్డానికి, మా తమ్ముడేమో ఎందుకురా అంత అంటాడు, మా ఆవిడేమో ఒక్కసారే కదా కట్టేది అంటది, మరి గెస్ట్ రూమ్ అన్నది ఉండాలా వద్దా అని...

ఆర్కిటెక్ట్: చుట్టాలు ఏడాదికి ఎన్ని రాత్రులు పడుకుంటారు మీ ఇంట్లో?

కాలర్ 2: వస్తూనే ఉంటారండి.

ఆర్కిటెక్ట్: వస్తూనే అంటే కాదు బాబూ, లెక్క చెప్పండి. పోయిన ఏడాది?

కాలర్ 2: ఆ... మా చెల్లెలు వాళ్ళు ఒక వారం, తర్వాత మా మావయ్య ఒక నాలుగు రోజులు. ఓ పన్నెండు వేసుకోండి.

ఆర్కిటెక్ట్: పన్నెండు. మిగతా 353 రాత్రులు ఆ గదిలో దుమ్ము పడుకుంటుంది. పదీ పన్నెండు గది 120 చదరపు అడుగులు, దానికో బాత్రూమ్ అయిదూ ఎనిమిది అంటే ఇంకో 40, గోడలూ నడిచే దారీ కలిస్తే 180కి పైనే. అంత కట్టి, పెయింట్ వేసి, తుడుచుకుంటూ కూర్చోవాలా? మీ ఆఫీస్ రూమ్‌లోనే మడతపెట్టే మంచం ఒకటి పెట్టుకోండి.

కాలర్ 2: కానీ మేడమ్, నాకు ఇంటి నుంచే పని, మీటింగ్ ఉన్నప్పుడు వాళ్ళొస్తే?

ఆర్కిటెక్ట్: ఆ పన్నెండు రోజులు మీరు బెడ్‌రూమ్‌లో కూర్చోండి. అందరూ గదుల లెక్క వేస్తారు, నేను చెప్పేది పనుల లెక్క. సాయంత్రం ఏడింటికి మీ ఇంట్లో ఎవరెక్కడ ఉంటారు?

కాలర్ 2: అందరం హాల్లోనే అండి. పిల్లలు అక్కడే చదువుతారు, గది ఉన్నా పోరు. నేను ఫోన్లో మాట్లాడితే గొడవ. అదే కదండీ చాలట్లేదు అంటుంది!

ఆర్కిటెక్ట్: చాలట్లేదు కాదు, ఒకే టైముకి మూడు పనులు ఒకే చోట జరుగుతున్నాయి. ఫోన్‌కి ఒక మూల, చదువుకి ఒక బల్ల, వీటికి ఒక తలుపు అడ్డం ఉంటే సగం గొడవ పోద్ది. నాలుగో బెడ్‌రూమ్ కట్టినా ఏడింటికి మళ్ళీ హాల్లోనే ఉంటారు మీరు, రాసిస్తాను.

కాలర్ 2: (నవ్వు) మరి స్టోర్ రూమ్?

ఆర్కిటెక్ట్: అది ఎంత పెద్దది కడితే అంత నిండుద్ది. లాస్ ఏంజెలెస్‌లో 32 కుటుంబాల ఇళ్ళు 2001 నుంచి 2005 దాకా పరిశోధకులు దగ్గరగా చూశారు, కారు షెడ్లలో చాలావాటిలో కారుకే చోటు లేదు, అన్నీ డబ్బాలే. అమెరికాలో కొత్త ఇళ్ళ సైజు 1973లో మధ్యస్థంగా 1,500 చిల్లర చదరపు అడుగులు, 2015కి 2,400 దాటింది. ఇంట్లో మనుషులేమో తగ్గారు. అయినా సామాను బయటే ఉంది.

కాలర్ 2: అర్థమైంది మేడమ్. అయితే గెస్ట్ రూమ్ మాత్రం...

ఆర్కిటెక్ట్: మళ్ళీ గెస్ట్ రూమ్‌కే వచ్చారా! బాబూ, ఇందాక చెప్పింది ఏంటి?

కాలర్ 2: అంటే మా ఆవిడ పక్కనే ఉంది, ఆవిడకి మీరే చెప్తే...

ఆర్కిటెక్ట్: అమ్మా, ఒక పని చెయ్యండి. ఖాళీ నేల మీద సుద్దముక్కతో పది బై పది గీయండి. అందులో మంచం ఆరు బై ఆరున్నర గీయండి. రెండడుగుల లోతు బీరువా కాళ్ళ వైపు గోడకి పెట్టండి. మధ్యలో మిగిలేది అడుగున్నర. ఆ సందులో నిలబడి బీరువా తలుపు తీయగలరా? అదే పన్నెండు అడుగుల పొడవైతే మూడున్నర వస్తుంది, హాయిగా తీస్తారు. ఇరుకైన గదులు నాలుగు కన్నా కొలత సరిపోయిన గదులు మూడు నయం. గెస్ట్ రూమ్ చోటు తీసి ఈ మూడింటికీ పంచండి.

యాంకర్: సరే సార్, థాంక్యూ. వేరే వాళ్ళు వెయిటింగ్‌లో ఉన్నారు. హలో?

కాలర్ 3: మేడమ్, ఫ్లాట్ అమ్మేవాళ్ళు 1500 ఎసెఫ్టీ అన్నారు, టేపు పెట్టి కొలిస్తే లోపల 1100 కూడా రాలేదు. మోసమా?

ఆర్కిటెక్ట్: ముందు వాళ్ళు చెప్పింది కార్పెట్ ఏరియానా, అంటే ఇంటి లోపల మీరు వాడుకునే నేలా, లేక సూపర్ బిల్టప్పా అడగండి. సూపర్ బిల్టప్‌లో మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో మీ వాటా కూడా కలుపుతారు. కాపురం చేసేది కార్పెట్ ఏరియాలోనే, బేరం దాని మీదే మాట్లాడండి. మంచం గీసి చూశారా?

కాలర్ 3: లేదండి, అయితే ఆ...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. నెక్స్ట్, హలో అమ్మా.

కాలర్ 4: మేడమ్... మాది ఒక గది, వంటిల్లు అంతే. అయిదుగురం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా మరిది. అందరూ సర్దుకోవాలి అంటారు. నాకేమో ఏడుపొస్తుంది ఒక్కోసారి, నాదే తప్పేమో అని అడుగుదామని.

ఆర్కిటెక్ట్: తప్పు మీది కాదు తల్లీ. ఇందాకటి ఆయనకి చెప్పిన మాటలు మీకు వర్తించవు. ఐక్యరాజ్యసమితి లెక్కలో కూడా ఒక గదికి ముగ్గురు దాటితే అది ఇరుకే. మీకు నిజంగానే చోటు చాలదు. మీరు ఒంటరిగా బట్టలు మార్చుకోడానికి చోటుందా?

కాలర్ 4: బాత్రూమ్ ఒక్కటే.

ఆర్కిటెక్ట్: ఊఁ. ఇంకో గదికి మారే వీలున్నప్పుడు, దూరమైనా సరే, తలుపున్న గది చూసుకోండి. అప్పటిదాకా పైకప్పుకి కడ్డీ వేసి మందపాటి కర్టెన్ కట్టండి, నేల దాకా ఉండాలి. తలుపు లోపలికి తెరుచుకుంటుందా?

కాలర్ 4: అవునండి.

ఆర్కిటెక్ట్: మూడడుగుల తలుపు తిరగడానికే ఏడు చదరపు అడుగులు పోతాయి. పక్కకి జరిగే తలుపు పెట్టించమని ఇంటి ఓనర్ని అడగండి. పరుపులు పొద్దున చుట్టేసి అటక మీద పెట్టుకోండి. పిల్లలకి పరీక్షలప్పుడు మీ మరిది వేళలు కాస్త మార్చుకుంటారేమో అడగండి. ఆయనతో మీరు కాదు, మీవారు మాట్లాడాలి. సరేనా?

కాలర్ 4: సరే మేడమ్. చెప్తాను.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఒక్క నిమిషమే ఉంది. హలో, త్వరగా చెప్పండి.

కాలర్ 5: మేడమ్, పిల్లలు వెళ్ళిపోయారు, మేమిద్దరమే, అయిదు గదులు. చిన్నదానికి మారాలా?

ఆర్కిటెక్ట్: ముందు ఒక నెల మూడు గదులకి తాళం వేసి చూడండి. ఏ తాళం ఎన్నిసార్లు తీశారో క్యాలెండర్ మీద రాసుకోండి, అప్పుడు ఫోన్ చెయ్యండి.

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. లైన్లో ఉన్నవాళ్ళు ఏమీ అనుకోవద్దు, వచ్చే వారం ఇదే టైముకి.

ఆర్కిటెక్ట్: ఆ గెస్ట్ రూమ్ ఆయన మళ్ళీ చేస్తాడు, చూడండి.