ఇంటి రక్షణకు తొలి హ్యాండ్‌గన్: సుమారు 400 డాలర్లకు ఏది తీసుకోవచ్చు?

నమస్కారం. అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్‌లో స్థిరపడి, ఇంటి రక్షణ కోసం మొదటిసారి పిస్టల్ కొనాలనుకుంటున్న తెలుగువారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. 400 డాలర్లకు కాస్త అటూ ఇటూగా దొరికే మోడళ్లను పరిశీలిద్దాం. ధరల కంటే ముందు చట్టం గురించి మాట్లాడుకోవాలి. ఈ సంగతి తెలియని మనవాళ్లు చాలామంది ఉన్నారు.

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 వంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవారు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. షూటింగ్ రేంజ్‌లో స్నేహితుడి పిస్టల్‌ను సరదాగా చేతిలోకి తీసుకోవడం కూడా దీని కిందికే వస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉన్న మాట నిజమే గాని, లాయరును సంప్రదించకుండా దాన్ని నమ్ముకుని ముందుకు వెళ్లకండి. నేరం రుజువైతే 15 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు, ఆ తర్వాత ఈ దేశంలో ఉండే అవకాశమే పోవచ్చు. భార్యాభర్తల్లో ఒకరికి గ్రీన్ కార్డు వచ్చి మరొకరు ఇంకా వీసా మీదే ఉన్న ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంట్లో సేఫ్ కోడ్ గాని, తాళం చెవి గాని వీసా మీద ఉన్నవారికి అందుబాటులో ఉండకూడదు.

గ్రీన్ కార్డు ఉన్నవారు, పౌరులు 21 ఏళ్లు నిండితే, లైసెన్స్ ఉన్న డీలరు దగ్గర 4473 ఫారం (తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ ఫారం) నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యాక కొనవచ్చు. టెక్సస్‌లో కొనడానికి విడిగా పర్మిట్ అక్కర్లేదు. న్యూజెర్సీలో మాత్రం ముందుగా పర్మిట్ తీసుకోవాలి, ఇల్లినాయిలో ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమానులకు రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉండాలి.

ఇక పిస్టల్ దగ్గరికి వద్దాం. మొదటిసారి కొనేవారు, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం కొనేవారు, చిన్న పిస్టల్ అయితే వాడటం సులువని అనుకుంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్ వంటిది దాదాపు 300 గ్రాముల బరువే ఉంటుంది కాబట్టి జేబులో ఇమిడిపోతుంది, కానీ పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తిని ఆపుకోవడానికి దానిలో బరువూ లేదు, చేతి వేళ్లన్నీ నిలవడానికి గ్రిప్‌లో (పిడిలో) చోటూ లేదు. నాలుగు తూటాలు పేల్చేసరికి చెయ్యి నొప్పి పుట్టి, కొత్తవారు ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకోవడం, మణికట్టు బిగించడం అలవాటు చేసుకుంటారు. ఇంట్లో ఉంచుకునే ఆయుధాన్ని బట్టల కింద దాచుకుని తిరగవలసిన పని లేదు కాబట్టి, నాలుగు అంగుళాల బ్యారెల్, నిండైన గ్రిప్ ఉన్న 9 ఎంఎం పిస్టల్ తీసుకోవడమే మంచిది.

అందరికంటే చవక హై-పాయింట్ సీ9. సాధారణ బ్లోబ్యాక్ పద్ధతిలో, అంటే పేలుడు తోపును ప్రధానంగా స్లైడ్ (వెనక్కి జరిగే పై భాగం) బరువే ఆపే పద్ధతిలో, పనిచేస్తుంది గనుక ఆ స్లైడ్ చాలా బరువుగా ఉంటుంది, మ్యాగజైన్‌లో పట్టేది ఎనిమిది తూటాలే. కంపెనీ జీవితకాల వారంటీ ఇస్తున్నా, వేరే దారి ఉన్నవారికి నేను దీన్ని సూచించను. టారస్ జీ3సీ ఆ ధరకు బాగానే ఉంటుంది: 12 తూటాలు పడతాయి, విడిగా సేఫ్టీ మీట కూడా ఉంది. కానీ దాని బ్యారెల్ 3.2 అంగుళాలే. అది ఒంటి మీద దాచుకోవడానికి వీలుగా చేసిన కొలత.

నేను ఎంచుకునేది స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ9 2.0. ఇది 2023లో వచ్చింది. నాలుగు అంగుళాల బ్యారెల్, 16 తూటాల మ్యాగజైన్, దాదాపు 640 గ్రాముల బరువు. దీనికి ముందు వచ్చిన ఎస్‌డీ9 వీఈలో ట్రిగ్గర్ చాలా గట్టిగా ఉండేది, కొత్తవారి గురి తప్పడానికి అదే పెద్ద కారణం. కొత్త మోడల్‌లో సమతలంగా ఉండే ట్రిగ్గర్ పెట్టి ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. దీనికి సేఫ్టీ మీట లేదు. అది తప్పనిసరిగా కావాలనుకునేవారు రూగర్ సెక్యూరిటీ-9 చూడండి. స్లైడ్ లాగడానికే ఇబ్బంది పడేంత బలహీనమైన చేతులున్నవారు అదే కంపెనీ సెక్యూరిటీ-380ని దుకాణంలో ఒకసారి లాగి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

బడ్జెట్ 700 డాలర్లు అనుకుంటే అందులో సగమే పిస్టల్‌కు కేటాయించండి. మిగతా సగం త్వరగా తెరుచుకునే సేఫ్‌కు, సాధన కోసం కొనే తూటాలకు, ఒక ప్రాథమిక శిక్షణ తరగతికి పోవాలి. సేఫ్ విషయంలో మాత్రం రాజీ పడకండి. నిర్లక్ష్యంగా వదిలేసిన, తూటాలు నింపిన తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే అది టెక్సస్ చట్టం ప్రకారం నేరం. సెలవులకు ఊరి నుంచి వచ్చిన తాతయ్య, అమ్మమ్మ, వారాంతంలో భోజనానికి వచ్చిన స్నేహితుల పిల్లలు, వీళ్లెవరికీ మీ ఇంట్లో తుపాకీ ఉన్నట్టు తెలియదు, సొరుగు తెరవకూడదనీ తెలియదు. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మానసిక వేదనలో ఉన్నట్టయితే ఆ కాలమంతా తుపాకీని ఇంటి బయట సురక్షితంగా ఉంచడం అత్యవసరం.

ఇంకొకటి, మన ఊళ్లలో గోడలు ఇటుక, సిమెంటుతో కట్టినవి. ఇక్కడ గదుల మధ్య ఉండేది చెక్క చట్రం, దానికి రెండు వైపులా జిప్సం పలక. గురి తప్పిన 9 ఎంఎం తూటా అటువంటి గోడలను ఒకటి కాదు, అనేకం దాటిపోతుంది. అందువల్ల పిల్లల గది ఏ వైపు ఉంది, టౌన్‌హోమ్ అయితే పక్కింటివారి పడకగది ఏ వైపు ఉంది అన్నది ముందే ఆలోచించి పెట్టుకోవాలి. హాలో పాయింట్ తూటాలు (కొనలో గుంట ఉండేవి) ఈ ప్రమాదాన్ని కొంత తగ్గించవచ్చేమో గాని, తొలగించవు. ఆ తూటాలు అన్ని పిస్టళ్లలోనూ ఒకేలా సాఫీగా చాంబర్‌లోకి (తూటా పేలే గదిలోకి) ఎక్కవు కూడా. కాబట్టి మీరు ఇంట్లో ఉంచదలచిన రకాన్నే కనీసం రెండు మ్యాగజైన్ల మేర రేంజ్‌లో పేల్చి చూడండి. మధ్యలో ఒక్కసారి ఇరుక్కున్నా తూటాల రకం మార్చి మళ్లీ మొదటి నుంచి పరీక్షించండి.