పది పిక్సెల్స్ మనిషిని నడిపిద్దాం: లెమ్మింగ్స్ స్టైల్ బొమ్మ తయారీ

[స్క్రీన్ మీద: నల్లటి తెర, మధ్యలో నడుస్తున్న చిన్న బొమ్మ]

నమస్తే అండీ. తెర మధ్యలో ఏదో కదులుతోంది, కనిపిస్తోందా? లేదంటే ఫోన్ కాస్త దగ్గరగా పెట్టుకోండి. కావాలనే జూమ్ చెయ్యలేదు. ఆకుపచ్చ జుట్టు, నీలం రంగు పొడుగు చొక్కా. ఎత్తు పది పిక్సెల్స్. కళ్లు లేవు, నోరు లేదు, వేళ్లు లేవు. అయినా వీడు తాపీగా గొయ్యి దాకా నడిచి వెళ్లిపోతుంటే "ఒరేయ్, ఆగరా" అనాలనిపిస్తుంది. అది ఎందుకో మాట్లాడుకుంటూనే అలాంటివాణ్ణి ఒకణ్ణి మనమూ తయారుచేద్దాం. బొమ్మలు వెయ్యడం రాదు అనుకునేవాళ్లు వెళ్లిపోకండి. ఇందులో గడులు (అంటే పిక్సెల్స్) నింపడమే ఎక్కువ.

వీడిది లెమ్మింగ్స్ అనే ఆట. 1991లో అమిగా కంప్యూటర్ మీద వచ్చింది. తయారుచేసింది స్కాట్లండ్‌లో డండీ అనే ఊళ్లోని డీఎంఏ డిజైన్ అనే కంపెనీ, మార్కెట్లోకి తెచ్చింది సిగ్నోసిస్. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. పైన ఒక తలుపు తెరుచుకుంటుంది, అందులోంచి ఒకడి తర్వాత ఒకడు కిందకి రాలతారు, రాలినవాడు రాలినట్టే నడక మొదలెడతాడు. గోడ తగిలితే వెనక్కి తిరుగుతాడు. గొయ్యి వస్తే పడతాడు. వాళ్లని నేరుగా నడిపించే వీలు మనకి లేదు. నువ్వు తవ్వు, నువ్వు మెట్లు కట్టు, నువ్వు అడ్డంగా నిలబడు అని పనులు అప్పజెప్పి, అడిగినంతమందిని గుమ్మం దాటించాలి. పనులు ఎనిమిది రకాలు. మనుషులు ఒక్కో లెవెల్లో వంద మంది దాకా ఉంటారు.

అసలు ఈ బుడతలు ఎలా పుట్టారో వినండి. 1989లో డీఎంఏ వాళ్లు వాకర్ అనే వేరే ఆట పనిలో ఉన్నారు. అందులో ఒక భారీ యంత్రం కింద తిరిగే మనుషుల్ని కాల్చుకుంటూ పోతుంది. ఆ మనుషుల కోసం స్కాట్ జాన్‌స్టన్ 16 బై 16 గడుల్లో బొమ్మలు వేస్తున్నాడు. అంత పెద్దవి అక్కర్లేదని మైక్ డెయిలీ వాదన. భోజనాల టైంలో డీలక్స్ పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రాం తెరిచి, 8 బై 8 గడుల్లో నడిచే మనుషుల్ని చేసి చూపించాడు. ఆ నడక కొంచెం బిర్రబిగుసుకుపోయినట్టు ఉంటే గ్యారీ టిమన్స్ దాన్ని సాఫీ చేశాడు. అది చూసిన రసెల్ కే, ఇందులో ఒక ఆట ఉందన్నాడు. అప్పటికి కథ లేదు, లెవెల్స్ లేవు, ఎనిమిది పనులు లేవు. నడక ఒక్కటే ఉంది. మిగతాదంతా దాని వెనకాలే వచ్చింది.

నా లెక్కలో ఈ చిన్న బొమ్మల ఆకర్షణంతా అక్కడే ఉంది. దూరంగా చేను గట్టు మీద ఎవరో వస్తుంటే, మొహం ఆనకముందే "అదిగో, మావయ్య" అనేస్తాం కదా. నడక చూసి గుర్తుపడతాం. తెర మీద మనిషి మరీ చిన్నగా ఉన్నప్పుడు మన కళ్లు చేసే పని కూడా ఇదే. నడక సరిగ్గా ఉంటే చాలు, మొహం మనమే ఊహించుకుంటాం.

సరే, పనిలోకి దిగుదాం.

[స్క్రీన్ మీద: పిస్కెల్]

పిస్కెల్ అనే పిక్సెల్ బొమ్మల ఎడిటర్ తెరవండి. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు. ఏస్‌ప్రైటో లిబ్రెస్ప్రైటో, అలాంటి వేరే ఎడిటర్ అలవాటున్నవాళ్లు అందులోనే చెయ్యండి, పద్ధతి ఒకటే. క్యాన్వాస్ సైజు 16 బై 16 పెట్టండి. మనవాడు పది గడుల ఎత్తే, కానీ చేతులు చాపడానికి చుట్టూ చోటు కావాలి.

రంగులు మూడే తీసుకోండి. ఆకుపచ్చ, నీలం, ఒంటికి లేత గులాబీ. నాలుగోది ముట్టుకోవద్దు, షేడింగ్ జోలికి అసలే వెళ్లొద్దు. ఆ రోజుల్లో ఇలా పొదుపు చెయ్యక తప్పేది కాదు. పీసీలో ఈజీఏ అనే అప్పటి గ్రాఫిక్స్ పద్ధతి అంటే తెర మొత్తానికీ 16 రంగులే. లెమ్మింగ్ జుట్టు ఆకుపచ్చగా ఉండటం వెనక ఉన్నది కూడా ఆ 16 రంగుల ఇరుకే.

ఇప్పుడు పై నుంచి కిందకి రండి. వెడల్పు మూడు గడులు. మొదటి రెండు వరసలు జుట్టు, ఆకుపచ్చ. తర్వాత రెండు వరసలు మొహం: వెనక గడి ఆకుపచ్చ, ముందు రెండు గడులు గులాబీ. చూశారా, అప్పుడే వాడు కుడివైపు చూస్తున్నాడు. తర్వాత నాలుగు వరసలు నీలం. అందులో మూడో వరసలో నడిమి గడి గులాబీ చెయ్యండి, అది చెయ్యి. చివరి రెండు వరసలు కాళ్లు.

ఇక్కడ చాలామందికి ఒక కన్ను పెడదామని చెయ్యి దురద పెడుతుంది. పెట్టి చూడండి, నేనూ పెడుతున్నాను. మొహం మొత్తం నాలుగు గడులు. నల్ల చుక్క ఒకటి పెడితే మొహంలో పావు వంతు పోయింది. బుల్లెట్ దిగినట్టు లేదూ? చెరిపెయ్యండి. ఇలాంటి ఇబ్బందులకి దారి వెతికినవాళ్లలో మారియోని సృష్టించిన నింటెండో డిజైనర్ మియామోతో కూడా ఉన్నాడు. 1981లో డాంకీ కాంగ్ చేస్తున్నప్పుడు, జుట్టు గీసే పని తప్పించుకోవడానికి మారియోకి టోపీ పెట్టాడు, నోరు గీసే పని లేకుండా మీసం పెట్టాడు, చేతుల కదలిక విడిగా తెలియడానికి ఓవరాల్స్ తొడిగాడు.

ఇక నడక. కాస్త నిదానంగా వినండి, వీడియోలో అసలు సంగతి ఇదే.

ఫ్రేము అంటే కదలికలో ఒక్కో బొమ్మ. మొదటి ఫ్రేములో కాళ్లు ఎడంగా ఉండాలి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. ఫ్రేమ్‌ని డూప్లికేట్ చెయ్యండి. రెండో ఫ్రేములో కాళ్లు దగ్గరికి తెచ్చి, నడుము పై భాగమంతా ఒక్క పిక్సెల్ పైకి జరపండి. కింద ఖాళీ వస్తుంది కదా, కాళ్లు ఒక వరస పొడుగు చేసి నింపెయ్యండి. మనం నడిచేటప్పుడు జరిగేదీ ఇదే: అంగ వేసినప్పుడు తల కాస్త దిగుతుంది, కాళ్లు కలిసినప్పుడు లేస్తుంది. మూడో ఫ్రేము మొదటిదాని నకలు, చెయ్యి మాత్రం నడిమి గడి నుంచి ముందు గడికి. నాలుగోది రెండోదాని నకలు. ఆనియన్ స్కిన్ ఆన్ చేసుకుంటే ముందు ఫ్రేము నీడలా కనిపిస్తుంది, ఎక్కడ జరిపారో తెలుస్తుంది. వేగం సెకనుకి 8 ఫ్రేములు పెట్టండి.

నడుస్తున్నాడా? నడుస్తున్నాడు. కానీ ఏదో వెలితి, మరబొమ్మలా ఉన్నాడు. ఇప్పుడు చూడండి.

తల దిగిన ఫ్రేములు రెండున్నాయి, ఒకటీ మూడూ. వాటిలో జుట్టు మీద, వెనకవైపుగా, ఒక్క ఆకుపచ్చ పిక్సెల్ అదనంగా పెట్టండి. అంటే తల కిందకి దిగింది, జుట్టు కొస మాత్రం ఇంకా పైనే ఉండిపోయింది. తల లేచినప్పుడు ఆ పిక్సెల్ లేదు, జుట్టు అణిగింది. ప్లే చెయ్యండి.

[స్క్రీన్ మీద: ఎడమవైపు ఆ పిక్సెల్ లేని బొమ్మ, కుడివైపు ఉన్న బొమ్మ]

రెండిటికీ తేడా ఒక్క పిక్సెల్. కుడివైపు వాడి జుట్టు ఎగిరెగిరి పడుతోంది. జుట్టు ఎగిరితే బరువు ఉన్నట్టు అనిపిస్తుంది. బరువున్నవాడు పడితే దెబ్బ తగులుతుందని మనకి దిగులు. ఆ దిగులు పుట్టించడానికి ఇంకే ఖర్చూ పెట్టలేదు మనం. పెద్ద పెద్ద త్రీడీ ఆటల్లో వెంట్రుక వెంట్రుకా విడిగా కదిలే హీరోలు గోడకి తల కొట్టుకుంటున్నా నాకేమీ అనిపించదు, నిజం చెప్పొద్దూ.

డండీలో పెర్త్ రోడ్ దగ్గర 2013లో లెమ్మింగ్స్‌కి కంచు విగ్రహాలు పెట్టారు. ఊరికి గర్వకారణమే, కాదనను. కానీ పెద్దగా చేసి, కదలకుండా నిలబెడితే వాడు వాడేనా అని నాకు చిన్న అనుమానం.

నడక అయింది. ఇంకో భంగిమ కూడా నేర్పిస్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆటలో మెట్లు కట్టేవాడికి బిల్డర్ అని పేరు. వాడి దగ్గర 12 ఇటుకలు ఉంటాయి. పన్నెండూ పేర్చేశాక, ఆగి, మనవైపు తిరిగి భుజాలు ఎగరేస్తాడు. "అయిపోయాయి, నేనేం చెయ్యను?" అన్నట్టు. తర్వాత మళ్లీ నడక, అవసరమైతే తను కట్టిన మెట్ల చివర నుంచి కిందకి. ఇటుకలు అయిపోయాయని తెర మీద అక్షరాల్లో రాసి ఉంటే మనం పట్టించుకునేవాళ్లం కాదు. ఆ భుజాలు కదిలిన క్షణంలోనే మౌస్ పట్టుకుని పరిగెత్తుతాం.

ఇది చెయ్యడానికి మూడు ఫ్రేములు. ముందు వాణ్ణి మనవైపు తిప్పండి: మొహం రెండు వరసల్లోనూ మూడు గడులూ గులాబీ. రెండో ఫ్రేములో తల ఒక పిక్సెల్ కిందకి దించండి, చొక్కా పై వరస దాని వెనక దాక్కుంటుంది. రెండు చేతులూ పక్కలకి ఒక్కో గడి బయటికి, ఒక గడి పైకి. మూడోది మళ్లీ మొదటిదే. రెండో ఫ్రేమ్‌ని ఇంకో రెండుసార్లు డూప్లికేట్ చేసి కాసేపు నిలబెట్టండి, లేకపోతే కంటికి ఆనదు.

ఎక్స్‌పోర్ట్ గురించి ఒక్క మాట. సైజు పెంచితే పది రెట్లో ఇరవై రెట్లో, పూర్ణసంఖ్యలోనే పెంచండి. రెండున్నర రెట్లు అంటే గడులు కొన్ని లావుగా కొన్ని సన్నగా వచ్చి నడక కుంటిపడుతుంది. 32 రెట్లు చేస్తే 512 బై 512 వస్తుంది, వాట్సాప్ స్టికర్ కొలత.

చివరగా గుంపు. వీణ్ణి ఒక్కడినీ చూస్తే ముద్దొస్తాడు, వరుస కట్టిస్తే కథ మొదలవుతుంది. డీఎంఏ వాళ్లు ఈ వరుసని తర్వాత కూడా వదల్లేదు. 1997లో వాళ్లే మొదటి గ్రాండ్ థెఫ్ట్ ఆటో చేశారు, పై నుంచి చూసే ఆట. అందులో కాషాయం కట్టిన హరేకృష్ణ భక్తులు చీమల్లాంటి సైజులో వరుసగా వెళ్తుంటారు. కారుతో మొత్తం వరుసని గుద్దేస్తే "గౌరంగా!" అని బోనస్. క్రూరమైన హాస్యమే, నాకు నచ్చదు, కానీ ఆ వరుస మాత్రం మర్చిపోలేం. నెట్ సెంటర్లో గంటకింతని కట్టి ఇదే సిరీస్‌లోని వైస్ సిటీ ఆడినవాళ్లకి తెలియాల్సిన సంగతి ఇంకోటి: అది చేసిన రాక్‌స్టార్ నార్త్ ఈ డీఎంఏ డిజైనే, పేరు మారింది.

మన గుంపుకి క్యాన్వాస్‌ని 64 బై 16కి పెంచి నలుగుర్ని పక్కపక్కన పేస్ట్ చెయ్యండి. అందరూ ఒకే ఫ్రేములో మొదలైతే పెరేడ్ అవుతుంది. మొదటివాడు ఒకటో ఫ్రేము నుంచి, రెండోవాడు రెండు నుంచి, అలా నాలుగోవాడి దాకా జరపండి. తలలు ఒకదాని తర్వాత ఒకటి లేచి పడుతుంటాయి. నా ఫైల్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను, దించుకోండి. జుట్టు రంగు మాత్రం మీ సొంతది వాడండి.