పిల్లల చేతిలో ఫోన్, అశ్లీల సైట్లు, మన చట్టం: విజయవాడ ఫోన్-ఇన్ కార్యక్రమం

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు విజయవాడ స్టూడియోలో మనతో ఇద్దరున్నారు. ఒకరు పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కేసులు చూసే న్యాయవాది, ఇంకొకరు సైబర్ భద్రత నిపుణుడు. ఫోన్ చేసేవాళ్ళు పేరు చెప్పనక్కర్లేదు. పిల్లల పేరు, బడి పేరు అసలే చెప్పొద్దు. ఊరు చెబితే చాలు. మొదటి ఫోన్ గుంటూరు నుంచి.

శ్రోత (బ్రాడీపేట): నమస్కారమండీ. మావాడు ఎనిమిదో తరగతి. నా ఫోన్‌లోనే చూశాడు. సైట్ తెరవగానే 18 ఏళ్ళు నిండాయా అని అడిగిందట, అవునని నొక్కాడట, తెరుచుకుందట. సినిమా హాల్లో 'ఎ' సినిమాకి పిల్లల్ని గేటు దగ్గరే ఆపాలి కదండీ. ఇక్కడ ఆపేవాళ్ళే లేరా? మనకి చట్టం లేదా?

న్యాయవాది: ఉందమ్మా. కాకపోతే మన చట్టం గేటు దగ్గర నిలబడదు, పెట్టినవాడి వెనకా పంపినవాడి వెనకా పడుతుంది. ఐటీ చట్టం 67ఎ సెక్షన్ చూడండి. లైంగిక చర్యల దృశ్యాల్ని ఆన్‌లైన్‌లో పెట్టినా, పంపినా మొదటిసారి ఐదేళ్ళ దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. పోక్సో చట్టం 11వ సెక్షన్ ప్రకారం లైంగిక ఉద్దేశంతో పిల్లలకి అలాంటివి చూపించడం లైంగిక వేధింపే, శిక్ష మూడేళ్ళ దాకా. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 295వ సెక్షన్ పిల్లలకి అశ్లీల వస్తువులు అమ్మడం, చూపించడం, పంచడం మీదే ఉంది. ఇన్ని ఉన్నా, చూసేవాడి వయసు తేల్చుకున్నాకే తెరవాలని అశ్లీల సైట్లని నిలదీసే ప్రత్యేక చట్టం మనకి లేదు. ఓటీటీలకి మాత్రం 2021 ఐటీ నియమాల్లో ఉంది. 'ఎ' రేటింగు ఉన్నదానికి వయసు నిర్ధారణ పెట్టాలి, 13 ఏళ్ళ పై రేటింగు ఉన్నవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఇవ్వాలి.

శ్రోత: మరి ఆ సైట్లు మూసేశారని అప్పట్లో పేపర్లో వచ్చిందే?

న్యాయవాది: వచ్చిందమ్మా. 2015లో 857 సైట్లు ఆపమన్నారు, కొద్ది రోజులకే ఆ ఆదేశం సడలించారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పాక 827 సైట్లు ఆపారు. పేరులో ఒక అక్షరం మార్చుకుని అదే సరుకు మళ్ళీ తెరుచుకుంది. పేర్ల జాబితా రాసుకుని మూస్తూ పోతే ఎప్పటికీ వాళ్ళ వెనకే ఉంటాం. ఇంకొక్క మాట. మీ అబ్బాయి చూసినంత మాత్రాన నేరస్థుడు అయిపోలేదు, ఆ భయం పెట్టుకోకండి. ఎవరైనా చూపించారా అన్నది మాత్రం తెలుసుకోవాలి.

నిర్వాహకురాలు: లైన్లోనే ఉండండమ్మా, చివర్లో మళ్ళీ మాట్లాడదాం. తర్వాత విజయవాడ, పటమట.

శ్రోత (పటమట): సార్, ఇంట్లో వైఫై ఉంది. ముగ్గురు పిల్లలు, నాలుగు ఫోన్లు, ఒక టీవీ. అన్నింటికీ కలిపి ఒక్కచోట ఆపొచ్చంటున్నారు. ఎలాగో చెప్పండి.

సైబర్ నిపుణుడు: రూటర్ దగ్గర ఆపొచ్చు సార్. పెన్ను తీసుకోండి. వైఫైకి కలిపిన ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 కొట్టండి. రాకపోతే 192.168.0.1, జియో రూటరైతే 192.168.29.1. లాగిన్ వివరాలు చాలావాటికి రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల లాన్ అనో డీహెచ్‌సీపీ అనో ఉన్నచోట డీఎన్ఎస్ అని రెండు గళ్ళుంటాయి. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిచ్చేది. మొదటి గడిలో 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 వేసి సేవ్ చేసి, రూటర్‌ని ఆపి మళ్ళీ వేయండి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ ఉచిత ఫ్యామిలీ సర్వీసు. సైటు పేరు పెద్దలకు మాత్రమే అన్న జాబితాలో ఉంటే అసలు చిరునామానే ఇవ్వదు.

శ్రోత: ఇదివరకు మా అబ్బాయి ఇలాంటిదే ఏదో పెట్టాడండి. ఒకసారి ఆగేది, ఒకసారి తెరుచుకునేది.

సైబర్ నిపుణుడు: మొదటి గడిలో ఫ్యామిలీ నంబరు వేసి రెండో దాంట్లో గూగుల్ మామూలు డీఎన్ఎస్ 8.8.8.8 వదిలేసి ఉంటారు. రెండోది మొదటిది చెడిపోతేనే వాడతారని చాలామంది అనుకుంటారు. ఫోన్ రెండింట్లో దేన్నైనా అడగొచ్చు సార్. రెండూ ఫ్యామిలీవే ఉండాలి. ఇంకో చిల్లు ఐపీవీ6, అంటే నెట్ చిరునామాల కొత్త పద్ధతి. రూటర్లో అది నడుస్తుంటే దానికి వేరే డీఎన్ఎస్ గళ్ళుంటాయి, అక్కడ పాత కంపెనీదే ఉంటే పని అటునుంచి జరిగిపోతుంది. అక్కడా మార్చాలి, రాకపోతే ఐపీవీ6 ఆపేయండి. మూడోది క్రోమ్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద 'యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్' ఉంటుంది. అందులో వేరే కంపెనీని ఎంచుకుని ఉంటే రూటర్ మాట వినదు. కొన్ని నెట్ కంపెనీలు రూటర్లో ఈ గళ్ళు తెరుచుకోకుండా బిగిస్తాయి. అప్పుడు కస్టమర్ కేర్‌ని అడగండి, లేదంటే దానికి మీ సొంత వైఫై రూటర్ తగిలించి అందులో పెట్టుకోండి.

శ్రోత: పిల్లాడు వైఫై కట్టేసి సిమ్ డేటా వాడితే?

సైబర్ నిపుణుడు: రూటర్ ఏం చేయలేదు. అప్పుడు ఫోన్‌లోనే పెట్టాలి. ఆండ్రాయిడ్ 9, ఆపైన సెట్టింగ్స్‌లో పైన సెర్చ్ గడిలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని వెతకండి. హోస్ట్‌నేమ్ దగ్గర 'ఫ్యామిలీ డాట్ యాడ్‌గార్డ్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్' అని ఇంగ్లీషులో కొట్టండి. ఇది వైఫైకీ సిమ్‌కీ రెండింటికీ పనిచేస్తుంది, వెతికినప్పుడు అశ్లీల ఫలితాలు దాచే సేఫ్ సెర్చ్ కూడా ఆన్ చేస్తుంది. ఒక్క అక్షరం తప్పినా ఫోన్‌లో నెట్ మొత్తం ఆగిపోతుంది, అప్పుడు కంగారుపడి తీసేయకండి, స్పెల్లింగు చూసుకోండి. ఐఫోనైతే స్క్రీన్ టైమ్, కంటెంట్ అండ్ ప్రైవసీ, అందులో వెబ్ కంటెంట్ దగ్గర 'లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్'. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ ఫోన్ పాస్‌కోడ్ ఒకటే పెడితే ఆ పని చేసి లాభం లేదు.

నెట్‌ని వేరే దారిన తిప్పి పంపే వీపీఎన్ యాప్ ఎక్కితే వీటిలో ఏదీ నిలబడదు. అందుకని గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టండి. పిల్లవాడు ప్లే స్టోర్ నుంచి కొత్త యాప్ వేయాలంటే మీ ఫోన్‌కి అనుమతి అడుగుతుంది, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ఉండదు. టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వీడియోల్ని మాత్రం డీఎన్ఎస్ ఆపలేదు. అది యాప్ పేరే చూస్తుంది, లోపలేముందో చూడలేదు. పిల్లల దాకా ఆ దారిన కూడా వస్తోంది, ఇది ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్ళి మీడియా ఆటో డౌన్‌లోడ్ అన్నీ తీసేయండి. గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అన్నచోట 'మై కాంటాక్ట్స్' పెట్టండి.

నిర్వాహకురాలు: తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయుడు.

శ్రోత (తెనాలి): నమస్కారం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఫొటో మార్ఫింగ్ చేసి పిల్లల గ్రూపులో తిప్పారండి. ఒక తండ్రి ఇదిగో చూడండి మాస్టారూ అని నాకూ పంపాడు. హెడ్‌మాస్టర్‌కి పంపమంటున్నాడు. ఏం చేయాలి?

న్యాయవాది: పంపకండి మాస్టారూ. హెడ్‌మాస్టర్‌కి కాదు, నాకు కూడా పంపకండి. సాక్ష్యం అనుకుని పెద్దలు చేసే తప్పుల్లో ఇదే పెద్దది. 2019 సవరణ తర్వాత పోక్సోలో నిర్వచనం విస్తరించింది. మార్చి తయారుచేసినా, కంప్యూటర్‌తో పుట్టించినా, అందులో బిడ్డ కనపడేలా ఉంటే అది పిల్లల అశ్లీల చిత్రమే. ఐటీ చట్టం 67బి ప్రకారం అలాంటిది చూడటానికి వెతకడం, డౌన్‌లోడ్ చేయడం కూడా నేరం. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు దగ్గర ఉంచుకోవడం మీద కూడా కఠినంగా చెప్పింది. పోక్సో 15వ సెక్షన్‌లో తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా పంచే ఉద్దేశంతో దాచుకుంటే శిక్ష ఉంది.

శ్రోత: మరి తీసేయమంటారా?

న్యాయవాది: తీసేస్తే సాక్ష్యం పోతుంది, ఉంచుకుంటే మీకు భయం. ఈ చిక్కుకి ఉపాయం ఈ రోజే ఫిర్యాదు చేయడం. ముందు కాగితం మీద రాయండి. పంపినవాళ్ళ నంబరు, గ్రూపు పేరు, అడ్మిన్ నంబర్లు, తేదీ, టైము. గ్రూపు సమాచారం పేజీకి స్క్రీన్‌షాట్ తీయండి, ఫొటోకి తీయొద్దు. ఫోన్ అలాగే ఉంచి స్టేషన్‌కి వెళ్ళండి, ఆ ఫోన్‌లోది ఏం చేయాలో వాళ్ళు చెబుతారు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, ఫోన్ మార్చినా రీసెట్ చేసినా అది ఇబ్బంది అవుతుంది. స్టేషన్‌కి వెళ్ళడం ఆలస్యమైతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ ఉంది, అందులో ఆడపిల్లలు, పిల్లల మీద నేరాలకి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

తెలిసీ ఊరుకోవడం కూడా నేరమే మాస్టారూ. పోక్సో 19వ సెక్షన్ పోలీసులకి చెప్పమంటుంది, చెప్పకపోతే 21వ సెక్షన్‌లో ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాళ్ళ విషయం దాచితే ఏడాది దాకా. బడి పరువు పోతుందని మాట్లాడి సర్దేద్దామనే పెద్దమనుషులకి ఇది చదివి వినిపించండి. అమ్మాయి పేరు, బడి బయటికి రాకూడదు, 23వ సెక్షన్ దానికే. పంపిన పిల్లలూ మైనర్లే అయితే బాలల న్యాయ మండలి చూస్తుంది, సెల్‌లో పెట్టరు. అలాగని వాళ్ళ తల్లిదండ్రులు ఫోన్లు పగలగొట్టి దాచేయకూడదు.

సైబర్ నిపుణుడు: ఆ ఫొటో వేరేచోట ఎక్కకుండా 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది, 18 లోపు వయసులో తీసిన నగ్న చిత్రాలకి. ఫొటోని ఎక్కడికీ పంపనక్కర్లేదు. అది ఉన్న ఫోన్‌లోనే ఒక అంకెల ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర మాత్రమే వెళుతుంది. ఇందులో చేరిన కంపెనీలు దాన్ని పోల్చి తీసేస్తాయి. వాట్సాప్ చాట్లు సంకేత భాషలో వెళతాయి, వాటిలోకి ఇది చూడలేదు, ఆ ఆశ పెట్టుకోకండి.

నిర్వాహకురాలు: సత్యనారాయణపురం నుంచి ఒక పెద్దాయన.

శ్రోత: మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. అక్కడ సైట్లు మొహం చూపించమని అడుగుతున్నాయట. అది ఇక్కడ రాదా?

న్యాయవాది: బ్రిటన్‌లో 2023 ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం, 2025 జులై 25 నుంచి అశ్లీల సైట్లకి గట్టి వయసు తనిఖీ తప్పనిసరి. గుర్తింపు కార్డు, క్రెడిట్ కార్డు, సెల్ కంపెనీ రికార్డు, మొహం చూసి వయసు అంచనా, ఇలాంటివేదో ఒకటి. చేయకపోతే కోటీ 80 లక్షల పౌండ్లు గానీ ప్రపంచవ్యాప్త ఆదాయంలో 10 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా. ఇదే పని 2017 చట్టంతో చేయబోయి 2019లో వదిలేశారు, అంటే వాళ్ళకీ తేలిగ్గా కుదరలేదు. అమెరికాలో లూసియానా 2023 జనవరి 1న మొదలుపెట్టింది. టెక్సస్ చట్టాన్ని 2025 జూన్ 27న అక్కడి సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో నిలబెట్టింది. ఆ చట్టంలో ఒక లొసుగుంది. సైట్లో మూడో వంతు కంటే ఎక్కువ అలాంటి సరుకుంటేనే వర్తిస్తుంది. సోషల్ మీడియాలో వచ్చేది దాని కిందికి రాదు.

సైబర్ నిపుణుడు: బ్రిటన్‌లో అమలైన రోజుల్లోనే వీపీఎన్ యాప్‌ల డౌన్‌లోడ్లు ఎగబాకాయి. మొహం చూసే పద్ధతి అంచనా మాత్రమే, 17కీ 19కీ తేడా కచ్చితంగా చెప్పలేదు. నాకు ఫ్రాన్స్ పద్ధతి నచ్చింది సార్. వయసు తేల్చేవాడికి మీరు ఏ సైటుకి వెళుతున్నారో తెలియదు, సైటుకి మీరెవరో తెలియదు, 18 దాటారా లేదా అన్నదొక్కటే తెలుస్తుంది. మనకి వస్తే అలాంటిదే రావాలి. అప్పటిదాకా ఏ అశ్లీల సైటైనా ఆధార్ ఫొటో అడిగితే ఇవ్వకండి, రేపు బెదిరించడానికి అదే పనికొస్తుంది.

న్యాయవాది: మన 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ళ డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి రూఢి చేసుకోవాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. అది డేటా చట్టమే, అశ్లీల సైట్ల గేటు కోసం రాసింది కాదు.

నిర్వాహకురాలు: గుణదల నుంచి ఇంటర్ విద్యార్థి. చెప్పు బాబూ.

శ్రోత (గుణదల): ఒక సైట్ తెరిస్తే స్క్రీన్ నిండా పోలీసు బొమ్మ వచ్చి, బ్రౌజర్ లాక్ చేశాం, జరిమానా కట్టు అని వచ్చిందండి. కార్డు నంబరు అడుగుతోంది.

సైబర్ నిపుణుడు: అది మోసం బాబూ. పోలీసులు వెబ్ పేజీలో కార్డు నంబరు అడగరు. కంప్యూటర్లో అయితే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కు, పోకపోతే కంట్రోల్ ఆల్ట్ డిలీట్‌తో బ్రౌజర్ ఆపు. తెరిచేటప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయొద్దు. డబ్బు కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది. ఎవరైనా వీడియో కాల్ రికార్డ్ చేశామని బెదిరించినా ఇంతే, ఒక్క రూపాయి ఇవ్వకు. ఇంట్లో చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098. మనసు బాగోకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

నిర్వాహకురాలు: బ్రాడీపేట అమ్మగారూ, ఉన్నారా?

శ్రోత (బ్రాడీపేట): ఉన్నానండి. ఫోన్ లాగేసుకున్నాం, వాళ్ళ నాన్న రెండు దెబ్బలు కూడా వేశారు. వాడు రెండ్రోజులుగా మాట్లాడటం లేదు.

న్యాయవాది: కొట్టినందుకు ముందు ఆయన్నే వాడితో తప్పయిందని చెప్పమనండి. ఆ తర్వాత మీరిద్దరే ఉన్నప్పుడు, వంటింట్లోనో మేడ మీదో, వాడి మొహంలోకి చూడకుండా ఏదో పని చేసుకుంటూ అడగండి. ఎందుకు చూశావని అడగకండి, దానికి పిల్లల దగ్గర జవాబుండదు. ఆ లింకు నీకెవరు పంపారు, చూడమని ఎవరైనా అన్నారా, నీ ఫొటో ఏమైనా అడిగారా, ఈ మూడే. తోటి పిల్లవాడైతే వాళ్ళమ్మతో మాట్లాడొచ్చు. పెద్దవాడి పేరు వస్తే, చుట్టమైనా, ట్యూషన్ మాస్టారైనా, వాడితో మీరు మాట్లాడకండి, నిలదీయకండి. ఫోన్‌లోది చెరిపేసుకుంటాడు. పేరు తెలిసిన రోజే 1098కి చేయండి.

శ్రోత: ఫోన్ వాడికి తిరిగి ఇచ్చేయనా?

సైబర్ నిపుణుడు: ఇది మీ ఫోనే కదమ్మా. వాడికంటూ గూగుల్ అకౌంట్ చేసి, ఫ్యామిలీ లింక్ కలిపి, ఇంట్లో ఏదైనా పాత ఫోనుంటే అది ఇవ్వండి. ప్రైవేట్ డీఎన్ఎస్ ఎలా పెట్టామో వాడికి చూపించే పెట్టండి. మీ ఫోన్‌కి మాత్రం కొత్త లాక్ వేయండి.