వేసుకోవచ్చా, వేసుకోవద్దా?

అందరికీ నమస్కారం. యంత్రానికి తెలుగు నేర్పడం గురించి మాట్లాడుకోవడానికి వచ్చిన మీలో సగం మంది తెలుగు ఎం.ఏ. వాళ్ళు, సగం మంది కంప్యూటర్ సైన్స్ వాళ్ళు అని చెప్పారు. చెప్పకపోయినా తెలిసేది, రెండు జట్లూ విడివిడిగా కూర్చున్నారు కదా!

ముందు ఒక చిన్న లెక్క. మాటను విని రాసే యంత్రం ఎంత బాగా రాస్తోందో చూడటానికి వర్డ్ ఎర్రర్ రేట్ అనే కొలత వాడతారు. యంత్రం మార్చినవి, వదిలేసినవి, కొత్తగా చేర్చినవి కూడి, అసలు మాటల సంఖ్యతో భాగిస్తారు. నేను ‘వాడు రాలేదని చెప్పింది’ అన్నాను. యంత్రం ‘వాడు రాలేదు అని చెప్పింది’ అని రాసింది. ఒక మాట మారింది, ఒకటి ఎక్కువైంది. మూడు మాటలకు రెండు తప్పులు, దాదాపు 67 శాతం. చేసిందల్లా సంధి విడదీయడం!

ఇప్పుడు డాక్టరుగారు ‘జ్వరం తగ్గాక ఈ మాత్ర వేసుకోవద్దు’ అన్నారు. యంత్రం ‘వేసుకోవచ్చు’ అని రాసింది. ఐదు మాటల్లో ఒక తప్పు, 20 శాతమే. కొలతను నమ్మితే ఇదే మెరుగు.

తెలుగులో ‘కాదు, వద్దు’ అనే అర్థం చాలాసార్లు క్రియ చివర్లోనే ఉంటుంది. తింటాడు, తినడు. ఇది తెలిసిన మనిషి వ్యతిరేక క్రియలున్న వాక్యాలను వేరుచేసి, వాటిలో తప్పులెన్నో విడిగా చూస్తాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న పనే. అలా చూడాలని తోచడానికే వ్యాకరణం కావాలి.

లెక్క దాకా రాకముందే ఇంకో చిక్కుంది. ఒకావిడ ‘మా కొడుకు నిన్న వచ్చిండు’ అంటుంది. విని రాసే కుర్రాడు ‘వచ్చాడు’ అని రాస్తాడు. మొదట్లో నేనూ అలాగే దిద్దేవాణ్ణి. అలాంటి వాక్యాలతో నేర్చుకున్న యంత్రం ఆవిడ మాటను ఆవిడకే దిద్ది చూపిస్తుంది. తప్పులెన్నని చూస్తే సున్నా వస్తుంది, పోల్చి చూసే రాత కూడా దిద్దినదే కాబట్టి.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఎక్కడ ఏ మాట అంటారో ఆ మాటే, ఆ ప్రాంతం గుర్తుతో సహా ఇచ్చారు. మనం మెటాడేటా, అంటే డేటా గురించిన వివరం, అంటున్నది అదే.

గోండులు మాట్లాడే గోండీ భాష సంగతి ఇంకా కష్టం. 2011 జనాభా లెక్కల్లో ఆ భాష మాట్లాడేవాళ్ళు దాదాపు 30 లక్షలు. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల అనే ఊళ్ళో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలో, చోటు దక్కింది. అదే భాషను తెలుగు లిపిలోనూ, దేవనాగరిలోనూ కూడా రాస్తారు. నీళ్ళను ‘ఏర్’ అంటారు, మన ఏరుకు చుట్టమే. మూడు లిపుల్లో రాస్తే యంత్రానికి అవి మూడు మాటలు. అసలే కొంచెం డేటా, అదీ మూడు ముక్కలు. వాటిని కలిపే పట్టిక తయారుచేయాలంటే గోండీ మాట్లాడేవాళ్ళు, జీతం తీసుకుంటూ, మన మధ్య ఉండాలి. ఇవాళ ఈ గదిలో ఒక్కరూ లేరు. పిలవాల్సింది మేమే, పిలవలేదు.

సరే, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి వాళ్ళ మాటలు ఫోన్లో రికార్డు చేసుకు రమ్మన్నాం కదా. టీ తాగాక ఒక్కో బల్ల దగ్గర ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు కూర్చోండి. మొదటి వరుసలో విన్నది విన్నట్టు రాయండి, రెండో వరుసలో పుస్తకాల తెలుగులో రాయండి. మొదటి వరుసను మాత్రం దిద్దవద్దు.