1955: విజయనగరం నుంచి చూస్తే నాకు నచ్చిన సినిమాలు

నమస్కారం. తెలుగు సినిమా చరిత్రలో మీకు బాగా ఇష్టమైన సంవత్సరం ఏదని అడిగితే చాలామంది ‘మాయాబజార్’ వచ్చిన 1957 పేరు చెబుతారు. వారితో వాదనకు దిగడం కష్టమే. విజయనగరంలో కూర్చొని మాట్లాడుతున్న నేను మాత్రం 1955 వైపే మొగ్గుతాను. ఆ ఏడాది జనవరిలో ‘మిస్సమ్మ’, ఆగస్టులో ‘కన్యాశుల్కం’ విడుదలయ్యాయి. రెండింటిలోనూ ఎన్.టి. రామారావు, సావిత్రి నటించారు. రెండింటిలోనూ మన ఊరి ఆడపడుచు పి. సుశీల పాడారు.

కథ మన ఊరిదైనా ‘కన్యాశుల్కాన్ని’ నేను రెండో స్థానంలోనే ఉంచుతాను. నా మొదటి ఓటు ‘మిస్సమ్మ’కే. ఉద్యోగం లేని ఇద్దరు పట్టభద్రులు, ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవురాలు, ఒక జమీందారు బడిలో పంతులు పని కోసం భార్యాభర్తలుగా నటించడానికి ఒప్పుకుంటారు. ఇంత చిక్కుముడి ఉన్న కథను ఎల్.వి. ప్రసాద్ ఎక్కడా గొంతు పెంచకుండా నడిపించారు. మేరీ అనే ఆ క్రైస్తవ యువతి పాత్రకు మొదట భానుమతిని తీసుకున్నారు. ఆమె తప్పుకున్నాక, రెండో కథానాయికగా ఉన్న సావిత్రి ఆ స్థానంలోకి వచ్చారు, సావిత్రి వేయవలసిన పాత్ర జమునకు దక్కింది. కోపం, బింకం, వాటి వెనుక దాచుకున్న బెంగ, ఈ మూడింటినీ ఒకే చూపులో పలికించిన సావిత్రిని చూశాక, ఆ పాత్రలో మరొకరిని ఊహించడం నాకు చేతకాదు. ఇక ఎస్.వి. రంగారావు వేసిన జమీందారు సంగతి: అధికారం ఉన్న మనిషి ఇంత అమాయకంగా, ఇంత ప్రేమగా కనిపించిన సందర్భాలు మన సినిమాల్లో అరుదు. అప్పటికే కథానాయకుడిగా పేరున్న అక్కినేని నాగేశ్వరరావు ఇందులో అపరాధ పరిశోధకుడినని చెప్పుకు తిరిగే హాస్యపాత్రకు ఒప్పుకోవడం ఇప్పటి తారలకు వింతగా తోచవచ్చు.

సాలూరి రాజేశ్వరరావు సంగీతంలో, పింగళి మాటల్లో వచ్చిన పాటల్లో ‘రావోయి చందమామ’ అందరికీ తెలిసిందే. నాకు అంతకన్నా ఇష్టమైనది జమునకు సుశీల పాడిన ‘బాలనురా మదనా’. సుశీల చదివిన మహారాజా సంగీత కళాశాల ఇక్కడ కోట దగ్గరే ఉంది. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు; ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. వారాలు చేసుకుంటూ (రోజుకొక ఇంట భోంచేస్తూ), మధుకరం ఎత్తుకుంటూ (ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుంటూ) అదే కళాశాలలో చదివిన మరొక విద్యార్థి ఘంటసాల. ‘మిస్సమ్మ’లో ఆయన పాట ఒక్కటీ లేదు, రామారావుకు కూడా ఏ.ఎం. రాజానే పాడారు. ఆ లోటు ‘జయసింహ’లోని ‘ఈనాటి ఈ హాయి’ వింటే తీరుతుంది. ఆ చిత్రంలో ఆ పాటను దాటి నాకు గుర్తున్నది తక్కువ.

ఆ సంవత్సరపు మరో రెండు సినిమాలను వదిలిపెట్టలేను. తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’ భూస్వామికి ఎదురు నిలిచిన రైతుల కథ. నాగలి పట్టిన నాగేశ్వరరావు కన్నా ‘ఏరువాకా సాగారో’ పాటలో ఆడిన వహీదా రెహమాన్‌నే జనం ఎక్కువగా గుర్తుపెట్టుకోవడం ఆ సినిమాకు కొంత అన్యాయమే. అన్నపూర్ణ సంస్థ తొలి చిత్రం ‘దొంగరాముడు’లో కె.వి. రెడ్డి కథనం గడియారంలా నడుస్తుంది. అందులో నాకు తప్పు పట్టదగినది ఏదీ లేదు, అయినా మళ్లీ మళ్లీ చూడాలని మనసు లాగదు.

ఇప్పుడు ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన గురజాడ నాటకాన్ని పి. పుల్లయ్య తెరకెక్కించారు. నాటకం బొంకుల దిబ్బ మీద మొదలవుతుంది; ఆ దిబ్బ పక్కగా రోజూ నడిచే మాకు సినిమాలో ఒక వెలితి తెలిసిపోతుంది. నటులు గొప్పవారే అయినా, గురజాడ పుటల్లో ఉన్న మన మాట యాస నా చెవికి తెరమీద పలచబడినట్టే వినిపిస్తుంది. గిరీశంగా రామారావు ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే, కానీ ఆయన అందం ఆ పాత్రలోని బుకాయింపును కొంత మింగేసిందని నా అభిప్రాయం. గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు, సి.ఎస్.ఆర్. రామప్ప పంతులు అలా కాదు, వారిద్దరూ పుస్తకంలోంచి లేచి వచ్చినట్టే ఉంటారు.

సంగీతం ఘంటసాలది. మధురవాణిగా సావిత్రి, ఆమెకు గొంతుగా సుశీల, పాట శ్రీశ్రీ రాసిన ‘ఆనందం అర్ణవమైతే’. పందొమ్మిదో శతాబ్దపు వేశ్య నోట ఇరవయ్యో శతాబ్దపు కవి మాటలు పెట్టడం కాలదోషమని అనేవారు అనవచ్చు. మధురవాణి తన చుట్టూ ఉన్న మగవాళ్లందరి కన్నా ముందుకాలం మనిషి కనుక ఆ మాటలు ఆమెకే తగినవని నేనంటాను. ఏడు నెలల ముందు మేరీగా ముక్కుమీద కోపంతో కనిపించిన సావిత్రే ఇక్కడ రామప్ప పంతుల్ని నవ్వుతూ బోల్తా కొట్టిస్తారు. వీలైతే ఈ రెండు సినిమాలనూ వరుస రాత్రుల్లో చూడండి, ముందు ‘మిస్సమ్మ’ పెట్టండి.